కోతకు ముందు కోసిన కంకులు

వ్యవసాయ శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి బయటికొచ్చాను. ఎక్కడ చేరాను, ఎప్పుడు ప్రమోషనొచ్చింది, చివర్లో ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ ఇక్కడ రాయను. అవన్నీ సర్వీసు పుస్తకంలో ఉన్నాయి. దాన్ని మళ్ళీ చదివే ఓపిక నాకే లేదు, మీకెందుకుంటుంది?

నేను రాయబోయేది పదకొండు పిచ్చుకల గురించి. వాటిని చంపింది నేనే. చేత్తో ముట్టుకోలేదు, రాయి విసరలేదు. ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాశాను, అంతే. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు మీరు కూడా రేపో మాపో అలాంటి చీటీలు రాస్తారు. అందుకని సిగ్గు విడిచి చెబుతున్నాను.

మందు చీటీ

ముందు ఉద్యోగమంటే ఏమిటో చెప్పనివ్వండి. మీరు గట్టు మీద కాలు పెట్టగానే రైతు ఒక వరి దుబ్బు పీకి మీ మొహం ముందు పెడతాడు.

"ఏం కొట్టమంటారు మేడంగారూ?"

గమనించండి, కొట్టాలా వద్దా అని అడగడు. ఏం కొట్టాలి అనే అడుగుతాడు. "ఏమీ అక్కర్లేదండీ, పది రోజులు చూద్దాం" అన్నారో, మీకు పని రాదని ఊరంతా చెప్పుకుంటుంది. సాయంత్రానికల్లా ఆయన మందుల కొట్టుకు వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చుకుంటాడు. కొట్టు ఆయన ఏనాడూ అక్కర్లేదు అనడు కదా!

నేనూ మొదటి ఏళ్ళలో మొహమాటపడి తెగ రాసేశాను. చీటీ రాస్తే రైతు దండం పెడతాడు, పై అధికారికి తృప్తి, కొట్టు ఆయన కాఫీ పంపుతాడు. రాయకపోతే ముగ్గురికీ కోపం. ఎండలో తిరగడం, మోపెడ్ మీద నడుం విరగ్గొట్టుకోవడం కష్టమనుకుంటారు గానీ, అదేం కష్టం కాదు. "వద్దు" అనే మాట నోటి నుంచి రావడమే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. నాకది రావడానికి పదిహేనేళ్ళు పట్టింది.

కర్ర పాతించిన చేత్తోనే

మా సిఫారసుల్లో పక్షి స్థావరాలని ఒకటి ఉండేది. పెద్ద పేరే గానీ, ఒక కర్రకు అడ్డంగా ఇంకో కర్ర కట్టి చేలో పాతడమే. పిట్టలు వచ్చి దానిమీద వాలి చేలో పురుగుల్ని ఏరుకు తింటాయి. ఊరూరా తిరిగి పాతించాను. ఫొటోలు తీయించాను. చీలిన తోక నల్లపిట్టలు, గోరింకలు, ఒక్కోసారి పాలపిట్టలు కూడా వాలేవి. చూస్తే ముచ్చటేసేది.

అదే కరపత్రం వెనక పేజీలో మందుల జాబితా ఉండేది. కాండం తొలిచే పురుగుకు గుళికలు చల్లమని అందులోనే రాశాం. గుళికలు చల్లిన మర్నాడు చేలోకి కొంగలు దిగేవి. నీళ్ళలో తేలిన చేపపిల్లల్ని, పీతల్ని తినేవి. ఒకసారి ఒక కొంగ గట్టు మీద రెక్కలు పరిచేసి, మెడ వంకర్లు పోతూ, లేవబోయి పడిపోతూ కనిపించింది. బండి ఆపి చూస్తూ నిలబడ్డాను. పక్కనే నేను పాతించిన కర్ర, దానిమీద ఒక నల్లపిట్ట. చుట్టాల్ని పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, అన్నంలో విషం కలిపినట్టు ఉంది నా పని. ఆ రోజే బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

మా ఏడీ గారికి, అంటే మా పైన ఉండే సహాయ సంచాలకులకు, ఆ సంగతి చెప్పాను. ఆయన నవ్వేశారు.

"పురుగు లెక్క రాయండమ్మా. కొంగల లెక్క మననెవరడిగారు?"

నేనూ నవ్వాను. ఆయన చెడ్డమనిషేం కాదు. దోమపోటు వచ్చి పంట పోతే రైతు కంటే ముందు ఆయన కళ్ళు చెమర్చేవి, నేను చూశాను. కానీ పిట్ట చచ్చిపోతే ఎవరూ వచ్చి అర్జీ పెట్టరు. అర్జీ లేని నష్టం మా ఆఫీసులో నష్టమే కాదు. ఇప్పటికీ అంతే.

వెంకాయమ్మ గారి కుచ్చు

ఊరి పేరు రాయను. కృష్ణ కాలవ కింద ఊరు, విజయవాడ నుంచి బస్సులో గంటన్నర. అక్కడ వెంకాయమ్మ గారని ఒకావిడ, భర్త పోయాక రెండెకరాలు సొంతంగా చేయించుకునేవారు. అప్పటికే అరవై దాటాయి. మాట కటువు, చెయ్యి మెత్తన. నేను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేవారు. ఆఫీసరమ్మ అని ఒక్క రోజూ అనలేదు.

ఆవిడ వరి కుచ్చులు అల్లేవారు. డెల్టాలో పుట్టిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగిలిన వాళ్ళ కోసం చెబుతున్నాను: సార్వా, అంటే వానాకాలం పంట, కోతకొచ్చే ముందు కొన్ని కంకులు కోసి, కాడల్ని జడలా అల్లి, గంట ఆకారంలో కుచ్చు కట్టి, ఇంటి ముందు వసారాలో మేకుకు వేలాడదీస్తారు. అది పిచ్చుకల వాటా. పంట ఇంటికి రాకముందే వాటికి పెట్టాలి, అదీ పద్ధతి. ఆ ఇంటికి కాపరానికొచ్చిన మొదటి ఏడు అత్తగారు నేర్పిందట. అప్పటినుంచి ఒక్క ఏడూ మానలేదు.

ఆ ఏడు కంకి గింజ పట్టి తల వాల్చాక సుడిదోమ తగిలింది. చేలో అక్కడక్కడా గుండ్రంగా ఎండిపోవడం మొదలైంది. వెంకాయమ్మ గారు కబురు పెట్టారు. వెళ్ళి చూశాను, చీటీ రాశాను. మందు పేరు మోనోక్రోటోఫాస్, మా దగ్గర అందరూ మోనో అనేవారు. పైరుని పాయలుగా విడదీసి, దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టమన్నాను. కింద గీత గీసి మరీ రాశాను: "కొట్టాక ఇరవై రోజులు ఆగి కోత కోయాలి."

మందు కొట్టే కూలీలకు మొదళ్ళు, పాయలు అంటే విసుగు. పైపైన కంకుల మీద కొట్టుకుంటూ పోయారు. నేను దగ్గరుండి చూడలేదు.

నాలుగో రోజు అటు వెళుతుంటే ఆవిడ చేలో వంగి కంకులు కోస్తున్నారు. గట్టు మీద నుంచే కేకేశాను.

"అప్పుడే ఏం కోస్తున్నారు పిన్నిగారూ?"

"కుచ్చుకమ్మాయ్! కాడ పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి. ఎండితే అల్లేటప్పుడు పుటుక్కున విరుగుద్ది."

"అయితే మా ఆఫీసుకీ ఒకటి అల్లిపెట్టండి. అందంగా ఉంటది."

"అందానికా? పిచ్చుకలకి!" అని గదమాయించి, నవ్వి, ఇంకో పిడికెడు కోశారు.

చూశారా? ఇరవై రోజులు ఆగమని రాసింది నేను. నాలుగో రోజు కంకి కోస్తుంటే కళ్ళారా చూసింది నేను. ఇంకొన్ని కోయమన్నదీ నేనే. ఒక్క క్షణం కూడా తట్టలేదు. కోత అంటే కూలీలు దిగాలి, కొడవళ్ళు ఆడాలి, పనలు పడాలి. కుచ్చుకి కోసే పిడికెడు కంకుల్ని మా పుస్తకంలో గానీ, ఆవిడ మనసులో గానీ ఎవరూ కోత అనుకోలేదు.

క్యారేజీ గిన్నె

ఆ సాయంత్రానికే ఆవిడ రెండు కుచ్చులూ అల్లి, ఒకటి ఇంట్లో, ఒకటి మా ఆఫీసు వరండాలో కట్టారు. మర్నాడు పొద్దున మా అటెండరు రాఘవులు తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, పిచ్చుకలు రాలినయ్యండి. వరండాలో ఐదున్నయ్యి."

పిల్లి పని అనుకున్నాను. వెళ్ళి చూస్తే గాయం లేదు, రక్తం లేదు. ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. నోటి వెంట సొంగ. అరచేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా, వెచ్చగా ఉంది. నీళ్ళు చుక్క వేయబోయేసరికి ఆగిపోయింది. తల పైకెత్తితే నెత్తి మీద కుచ్చు వేలాడుతోంది, కింద పొట్టు.

రాఘవులుతో ఆ కుచ్చు దింపించాను. బండి తీసి వెంకాయమ్మ గారింటికి పరిగెత్తాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముందు ఒక చేట, అందులో ఆరు పిచ్చుకలు వరసగా పెట్టి ఉన్నాయి. నన్ను చూసి ఆవిడ చేటని నా వైపు జరిపారు.

"అమ్మాయ్, కోత కోయలేదు నేను. నువ్వు చెప్పినట్టే ఆగాను. కుచ్చుకి నాలుగు కంకులేగా కోసుకుంది?"

మేకు మీది కుచ్చు తీసేసి, నాలుగు పిచ్చుకల్ని నా స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టుకుని, బండి అక్కడే వదిలి బస్సెక్కి, విజయవాడలో మారి గన్నవరం వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన పశువైద్యుడు ఒకాయన ఉండేవారు. ఒకదాన్ని కోసి చూశారు. మెడ కింద సంచిలో వడ్లు అలాగే ఉన్నాయి.

"గోళ్ళు చూశారా, ఎలా ముడుచుకుపోయినయ్యో? గింజ అరిగే టైము కూడా దొరకలేదు. ఈ వడ్లకి ఏం కొట్టారండీ?"

"మోనో."

"ఎప్పుడు?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదు వేళ్ళు దాటలేదు. ఆయన చేతులు కడుక్కుంటూ అన్నారు, "ఖాయంగా చెప్పాలంటే ల్యాబుకి పంపాలి మేడం. కానీ ఇది నాకంటే మీకే బాగా తెలుసు."

తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ గిన్నెలో మళ్ళీ ఎప్పుడూ అన్నం పెట్టుకోలేదు.

చలికి చచ్చాయట

మర్నాడు ఏడీ గారి ముందు నిలబడ్డాను. అంతా చెప్పాను. ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూ విన్నారు.

"చలి ముదిరింది కదమ్మా. చలికి పోయుంటాయి."

"పదకొండూ ఒకే రోజు, రెండు చోట్లా, కుచ్చు కిందే చలేసిందా సార్?"

"సుభద్ర గారూ, మీరు రాసింది సిఫారసులో ఉన్న మందే. మోతాదు కరెక్టు. గడువు రాశారు. మీ తప్పేం లేదు. ఇప్పుడు ఊళ్ళోకెళ్ళి ఏదేదో మాట్లాడితే రేపటినుంచి రైతు మన చీటీ పట్టుకోడు. మెమో ఇవ్వాల్సొస్తది."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కాగితం మీద నా తప్పు లేదు. నేనూ రెండు రోజులు ఆ మాటనే పట్టుకుని వేలాడాను. కానీ మూడో రోజు రాఘవులు ఊరి కబురు మోసుకొచ్చాడు. వెంకాయమ్మ గారి చేతిలోనే ఏదో ఉందని, పిచ్చుకల్ని చంపుకున్న ఇల్లని నలుగురూ చెవులు కొరుక్కుంటున్నారట. ఆవిడ మేకుకున్న తాడు కూడా తెంపి పారేసి, "ఇక ఈ చేత్తో అల్లను" అన్నారట.

నా చీటీ భద్రంగా ఉంది, ఆవిడ చెయ్యి పాపిష్టిదైపోయింది. అది విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. మెమోనా? ఇచ్చుకోమనండి!

ఆ వారం సొసైటీ గోడౌను ముందు రైతుల సమావేశం ఉంది. చీటీ నకలు పట్టుకెళ్ళాను. లేచి నిలబడి, నా చేతిరాతని నేనే చదివాను. మందు పేరు, తేదీ, ఇరవై రోజుల గడువు అన్నీ. తర్వాత చెప్పాను: "నాలుగో రోజు ఆవిడ కంకులు కోస్తుంటే నేను గట్టు మీదున్నాను. ఆపలేదు. నాక్కూడా ఒకటి అల్లమన్నాను. ఆ పిచ్చుకలు పోయింది నావల్ల. వెంకాయమ్మ గారి చేతిని ఎవరైనా ఒక్క మాటన్నా అంటే, అది నన్నన్నట్టే."

వెనక నుంచి ఒక పెద్దాయన లేచారు.

"అయితే మేడంగారూ, పిచ్చుకల సంగతి సరే. మనం తినే బియ్యం సంగతేంటి మరి?"

"అదే అడగాల్సిందండీ బాబాయిగారూ! ఆ ఇరవై రోజులు అందుకే. మీలో ఎంతమంది ఆగారు? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ పెద్దాయన చేతులు కూడా కండువాలోనే ఉన్నాయి.

మెమో వచ్చింది. జవాబు రాశాను. అదంతా కాగితాల గొడవ, వదిలేయండి.

మూల మడి

నా తప్పు ఒప్పుకుంటే వెంకాయమ్మ గారు కరిగిపోతారని లోపల ఎక్కడో ఆశపడ్డాను. సమావేశం అయ్యాక ఆవిడ నా దగ్గరికొచ్చి అన్న మాట ఇది:

"నలుగుర్లో చెప్పావు, బాగానే ఉంది. పిచ్చుకలొస్తాయా?"

ఆ తర్వాతి ఏడు ఆ ఇంటి మేకు ఖాళీగా ఉంది. నేను ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

దాని తర్వాతి ఏడు నాట్లప్పుడు ఆవిడే కబురు పెట్టారు. చేలో ఒక మూల, రెండు మంచాలు పట్టేంత జాగా, నాలుగు కర్రలు పాతి వాటికి ఎర్రగుడ్డ పేలికలు కట్టించారు. "ఇందులో గుళికా లేదు, మందూ లేదు. సుడి పడితే పడనీ, చస్తే చావనీ" అన్నారు. మందు కొట్టే రోజుల్లో అక్కడే గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నారు. కూలీ ఒకడు పంపు అటు తిప్పబోతే కాలి మీద ఒక్కటిచ్చారు కూడా. గాలి ఆ మూల వైపు వీస్తే ఆ పూట మందు కొట్టనివ్వలేదు.

ఈ ఉపాయం నాదని తర్వాత మా శాఖలో కొందరు చెప్పుకున్నారు. నాది కాదు, ఆవిడది. నేను చేసిందల్లా నా పరిధిలో ఉన్న ఊళ్ళన్నీ తిరిగి ఆ మూలని చూపించడమే. కొందరు నవ్వారు, కొందరు తమ చేలోనూ కర్రలు పాతారు. ఆ మడిలో సాలీళ్ళు, కప్పలు బతికాయి. చాలా ఏళ్ళు పంట మిగతా చేనుకి తీసిపోలేదు. ఒక ఏడు మాత్రం మూల మొత్తం మాడిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ ఏడు ఆవిడ కుచ్చు కట్టలేదు, మందు కొట్టిన చేలోంచి ఒక్క కంకి తెంపలేదు.

మూల మడి మొదటి పంటకి అల్లిన కుచ్చు పట్టుకుని ఆవిడ ఆఫీసుకొచ్చారు. రాఘవులు మేకు చూపించబోతే ఆగమన్నారు. ఒక గింజ తెంపి, గోటితో పొట్టు తీసి, నా ముందు పెట్టారు.

"నమిలి చెప్పు. నువ్వు తిన్నాకే కడతా."

నమిలాను. పచ్చిబియ్యం, కొంచెం తియ్యగా ఉంది. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. నేను మింగాక కుచ్చు కట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మూల మాడిన ఆ ఒక్క ఏడు తప్ప, తర్వాత ప్రతి ఏడూ అదే వరస. నన్ను గుడివాడ బదిలీ చేసినా ఆ రోజుకి వెళ్ళి నమిలి వచ్చేదాన్ని. క్షమించానని ఆవిడ ఏనాడూ నోటితో అనలేదు. నేనూ అడగలేదు.

ఈ ఏడు

వెంకాయమ్మ గారు పోయి రెండేళ్ళయింది. కుచ్చు ఇప్పుడు కోడలు నాగమణి అల్లుతోంది. రిటైరయ్యాక కూడా ఆ పూట నేను పటమటలో బస్సెక్కి వెళుతున్నాను.

ఈ ఏడు వెళ్ళేసరికి కుచ్చు తయారుగా ఉంది. ఆ ఊరికి కొత్తగా వచ్చిన వ్యవసాయ సహాయకురాలు శిరీష కూడా అక్కడే ఉంది. చురుకైన పిల్ల. ఇప్పుడు మందు కొట్టేది డ్రోనులు. రెండెకరాలు పది నిమిషాల్లో అయిపోతుందట. వారం కిందటే ఆ చేలో డ్రోను కొట్టి వెళ్ళింది.

"మూల మడి వదిలేశారా?" అని అడిగాను.

"వదిలే ఉంటారండి మేడం. ఎర్రగుడ్డ జెండాలున్నయ్యి కదా."

నేను ఒక గింజ తెంపాను. పొట్టు తీశాను. వెంకాయమ్మ గారు నా ముందు పెట్టినట్టే ఆ పిల్ల ముందు పెట్టాను.

"అయితే నమిలి చెప్పమ్మా."

చెయ్యి సగం చాచి ఆగిపోయింది. గింజ వైపు చూసింది, నా వైపు చూసింది. మొహం ఎర్రబడింది. నాకు కోపం రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట గట్టు మీద నేను ఆగాల్సిన చోట ఆ పిల్ల ఆగింది.

"ఒక్క నిమిషం మేడం. ఫోన్ చేసి అడుగుతాను."

వసారా చివరికెళ్ళి డ్రోను తిప్పిన ఆయనతో మాట్లాడింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. "జెండాలు కాదండీ, మూల మీద తిరిగిందా లేదా? అది చెప్పండి" అని రెండుసార్లు అడగడం వినిపించింది. తిరిగొచ్చి నాగమణి వైపు చూసి చెప్పింది.

"కట్టొద్దక్కా. మూల మీదగానే మలుపు తిప్పాడంట."

నాగమణి రెండు రోజులు కూర్చుని అల్లింది. అయినా లోపలికెళ్ళి గునపం తెచ్చింది. పెరట్లో లోతుగా గొయ్యి తీసి, కుచ్చుని అందులో పెట్టి, ముగ్గురం మట్టి కప్పాం. శిరీష తన పుస్తకం తీసి ఏదో రాసుకుంది. తొంగి చూశాను. వచ్చే ఏడు డ్రోను ఎగిరేటప్పుడు మూల దగ్గర తనే నిలబడాలని రాసుకుంది.

బస్సుకి ఇంకా టైముంది. వసారాలో కూర్చున్నాను. ఎండ వాలే వేళకి పిచ్చుకలు వచ్చాయి. ఖాళీ మేకు చుట్టూ తిరిగాయి, ఒకటి దాని మీదే కూర్చుంది, ఏమీ దొరక్క అన్నీ కలిసి చెవులు హోరెత్తేలా గోల చేశాయి. నాగమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పాపం, ఎలా అరుస్తున్నాయో చూడండి మేడం."

"అరవనీ అమ్మా" అన్నాను. "బతికున్నాయి కాబట్టే అరుస్తున్నాయి."